ఎడమ రెక్క మీది బట్ట

కొత్తగా ఈ పనిలో చేరిన కుర్రవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ అందరూ ఒకటే ప్రశ్న అడుగుతారు. "సార్, మీరు ఎన్ని రకాల విమానాల మీద పనిచేశారు?" నేను లెక్క చెబుతాను, వాళ్లు తలాడిస్తారు. "ఎన్ని తప్పులు చేశారు?" అని ఇంతవరకు ఒక్కడు కూడా అడగలేదు. అడిగితే రెండో కప్పు కాఫీ కూడా ఇప్పించి కూర్చోబెట్టి చెప్పేవాణ్ణి. అడగలేదు కాబట్టి రాస్తున్నాను.

విమానాల మరమ్మతు అంటే బయటివాళ్లకు ఏదో మెరిసే పనిలా కనిపిస్తుంది. నిజానికి రోజులో సగం సేపు మోకాళ్ల మీద కూర్చుని, పెట్రోలు కంపు కొట్టే గుడ్డతో ఏదో ఒకటి తుడుస్తూనే ఉంటాం. మిగతా సగం సేపు మనం బిగించిన బోల్టునే మళ్లీ చూసుకుంటాం. స్పానర్ పట్టడం తెలివైన కుర్రాడికి ఏడాదిలో వచ్చేస్తుంది. పని అయ్యాక లాగ్‌బుక్కులో "ఈ విమానం ఎగరడానికి తగినది" అని రాసి కింద సంతకం పెట్టాలి చూడండి, అది రావడానికి నాకు చాలా కాలం పట్టింది. అందులో మొదటి పాఠం నాందేడ్‌లో అయింది. అప్పటికి నాకు లైసెన్సు వచ్చి ఎనిమిది నెలలు.

మా చీఫ్, ఆయన రూలు

అరవయ్యో దశకం చివరి మాట. హైదరాబాదులో మాదొక చిన్న ఫ్లయింగ్ క్లబ్బు. కుర్రవాళ్లకు విమానం నడపడం నేర్పేవాళ్లం. మా చీఫ్ ఇంజనీరు పేరు వెంకటాచలం గారు. పొట్టి మనిషి, గొంతు చిన్నది, కోపం వస్తే ఇంకా చిన్నదయ్యేది. ఆయన మాట వినపడడం లేదంటే మనకు మూడిందన్నమాటే.

ఆయన పెట్టిన రూలు ఒకటుంది. పెద్ద మరమ్మతు తర్వాత విమానం మొదటిసారి లేచేటప్పుడు, కాగితం మీద సంతకం పెట్టిన ఇంజనీరు పైలట్ పక్క సీట్లో కూర్చోవాలి. ఏ పుస్తకంలోనూ లేని రూలు అది. ఎందుకని నేనోసారి అడిగాను. "నువ్వు కూర్చోలేని దాంట్లో ఇంకొకణ్ణి కూర్చోబెడతావా?" అన్నారు, అంతే. ఆయన అరవై ఏళ్ల వయసులో కూడా, మోకాళ్ల నొప్పులతో, ఒక కాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకుని మరీ కూర్చునేవారు. నేను చాలామంది బాసుల కింద పనిచేశాను. తెలివిలో ఆయనను మించినవాళ్లు ఉన్నారు. ఇలా కాలెత్తి లోపల పెట్టుకున్నవాళ్లను మాత్రం మళ్లీ చూడలేదు.

క్లబ్బుకు అప్పుడు రెండు చిన్న విమానాలు. ఒకటి హైదరాబాదులో ఎగురుతోంది. రెండోది ఆరేళ్లుగా నాందేడ్‌లో పడి ఉంది. అక్కడ ఒక శిక్షణ శిబిరానికని తీసుకుపోయారు, ఇంజనులో నూనె కారుతోందని ఆపారు, తర్వాత క్లబ్బు కమిటీలో రెండు వర్గాలు కొట్లాడుకుని దాన్ని మరచిపోయారు. మనుషుల్ని కూడా మరచిపోయే కమిటీ అది, విమానం ఒక లెక్కా. తీరా మా దగ్గరున్న ఒక్క విమానం ఇరవైమంది విద్యార్థులకు చాలక, వాళ్లు ఒకరి తర్వాత ఒకరు మానేస్తుంటే గుర్తొచ్చింది. వానలు పడేలోగా అది ఎగిరి ఇల్లు చేరాలి, లేదంటే తుక్కు వ్యాపారికి ఇచ్చేస్తామని కమిటీ తీర్మానించింది. చీఫ్ నన్ను పిలిచారు.

"నీది ధర్మాబాద్ కదా. మరాఠీ వచ్చు, ఉర్దూ వచ్చు, అక్కడి తెలుగూ వచ్చు. నువ్వే వెళ్లు. ఏం కావాలో తంతి కొట్టు. అయ్యాక చెబితే జోషిని పంపుతాను."

కెప్టెన్ జోషి మా పైలట్. చీఫ్‌కు భాషలు వచ్చినవాడు కావాలి. నాకేమో నా విద్య మీద అపారమైన నమ్మకం. ఎనిమిది నెలల లైసెన్సుకు ఉండే పొగరు ముప్ఫై ఏళ్ల లైసెన్సుకు ఉండదు.

పడుగు కట్టిన విమానం

నాందేడ్‌లో మే నెల ఎండ గురించి రాయక్కర్లేదు. విమానాలు దిగే మైదానం చివర రేకుల షెడ్డు. తలుపులు ఎప్పుడో పోయాయి. విమానం తోక బయటికి, ముక్కు లోపలికి పెట్టి నిలబెట్టి ఉంది. రెండు సీట్లు, ఒక ఇంజను, తల మీదుగా వెళ్లే ఒకే పొడవాటి రెక్క. ఆ రోజుల్లో ఇలాంటి చిన్న విమానాల రెక్కలకు రేకు ఉండేది కాదు. చెక్క చట్రం మీద గుడ్డ తొడిగి, చట్రానికి దారంతో కుట్టి, పైన డోపు అనే ద్రవం పూసేవాళ్లు. ఆరితే గుడ్డ బిగిసి తప్పెటలా మోగుతుంది.

నేను ముందు చూసింది రెక్క కాదు. తోక చక్రానికి కట్టిన నూలు. తెల్లటి పడుగు ఒకటి తోక చక్రం దగ్గర మొదలై మైదానంలోకి ముప్ఫై గజాలు సాగి, అవతల రెండు గుంజలకు బిగించి ఉంది. ఒకామె చేతిలో పెద్ద కుంచె పట్టుకుని గంజి తడి నూలును దువ్వుతూ ముందుకూ వెనక్కూ నడుస్తోంది. మైదానం పక్కనే పద్మశాలీల వాడ. మగ్గం ఎక్కించే ముందు పడుగుకు గంజి పెట్టి సాచడానికి పొడవాటి చోటు కావాలి. ఊళ్లో వీధులు చాలక వీళ్లు ఇక్కడికి వచ్చేవాళ్లు.

నేను బ్యాగు కింద పెట్టి ముడి విప్పబోయాను.

"ఏయ్ తమ్మీ, థాంబ్. ముట్టకు. గంజి తడారలె. ఇప్పుడు ముడి ఇప్పినవంటె నాలుగు చీరల నూలు చిక్కువడ్తది."

"ఇది విమానం అక్కా. దీనికి గిట్ల కట్టొద్దు."

"ఆరేండ్ల సంది కడుతున్నం. ఎన్నడన్న కదిలిందా?"

ముడి వదిలేశాను. గంట సేపు నీడలో కూర్చుని ఆ పడుగు ఆరేదాకా ఎదురు చూశాను. ఆమె పేరు నర్సుబాయి. నలభై దాటిన మనిషి, బక్కగా, చేతులు మాత్రం మగవాడి చేతుల్లా ఉంటాయి. నేను ఎవరినో, ఎక్కడినుంచో ఆ గంటలోనే అంతా రాబట్టింది. మా నాన్నకు ధర్మాబాద్ మొండా బజారులో పప్పుల దుకాణం అని తెలిశాక నవ్వింది.

"సావుకార్ల పోరనివి, నీకు గీ మోటార్ల పనేంది? ఇంట్ల తరాజు పట్టుకునేటందుకు బరువైందా?"

అలా మా స్నేహం మొదలైంది. మర్నాటినుంచి వాళ్లు పడుగును తోక చక్రానికి బదులు నేను పాతించిన గుంజకు కట్టుకున్నారు. గుంజ కంటే విమానమే నయమని ఆమె రెండు మూడుసార్లు సణిగింది.

నేను చూసినవి, చూడనిది

ఆరేళ్లు నిద్రపోయిన విమానాన్ని లేపడం ఎలాగో కొంచెం చెప్పనివ్వండి, ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. తొందరపడి ప్రొపెల్లర్ తిప్పకూడదు. లోపల నూనె ఆరిపోయి ఉంటుంది, తిప్పితే ఇనుము ఇనుమును గీరుతుంది. స్పార్క్ ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్లో నూనె పోసి ఒక రోజు వదిలేశాను. ఇంజను కప్పు కింద పిచ్చుకలు పెట్టిన గూళ్లు మూడు తీశాను. గాలి వేగం కొలిచే సన్నటి గొట్టంలో కందిరీగ మట్టి కూరి ఇల్లు కట్టింది. రబ్బరు గొట్టాలు చేతిలోనే విరిగాయి, కొత్తవి తెప్పించాను. కార్బ్యురేటర్ విప్పితే అడుగున పాత పెట్రోలు బెల్లంపాకంలా గడ్డకట్టి ఉంది. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోల్లో తేమ ఉంటే రెండు రోజులు ఎండలో పెట్టాను. ఆ విషయంలో నాందేడ్ ఎండ బాగా పనికొచ్చింది.

రెండో వారం చివర ఇంజను దగ్గింది, పొగ కక్కింది, మళ్లీ దగ్గింది, ఆ తర్వాత నిలకడగా నడిచింది. పద్మశాలీల వాడ మొత్తం వచ్చి చూసింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల అని చెప్పాను.

ఇక రెక్కల గుడ్డ. గుడ్డ బలం చూడడానికి మొన ఉన్న చిన్న పరికరం ఉంటుంది. దాంతో నొక్కితే గుడ్డ ఎంత బరువు ఆపుతుందో తెలుస్తుంది. నేను రెక్క కింద నిలబడి, చేతులెత్తి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా పద్ధతిగా నొక్కుకుంటూ పోయాను. అన్నిచోట్లా గట్టిగా ఉంది. నర్సుబాయి గంజి కుండ పక్కన కూర్చుని చూస్తోంది.

"ఏం జేస్తున్నవ్ తమ్మీ?"

"బట్ట గట్టిగుందా లేదా సూస్తున్ననక్కా."

"కిందికెల్లి సూస్తె ఏం తెలుస్తది? ఎండ వడేది మీద గదా."

"దీనికో పద్ధతుంటదక్కా. పుస్తకంల రాసుంటది."

పుస్తకంలో ఏం రాసి ఉందో చెబుతాను. ఎండావానా ఎక్కువ తగిలేచోట, అంటే పైభాగాన చూడమని రాసి ఉంది. ఆ ప్రశ్న నా పరీక్షలో వచ్చింది కూడా, సరిగ్గానే రాశాను. మరి ఎందుకు చూడలేదంటే షెడ్డులో నిచ్చెన లేదు. కింద అంతా బాగుంది కాబట్టి పైనా బాగుండే ఉంటుందనుకున్నాను. పైగా ఎడమ రెక్క మీద షెడ్డు కప్పు రేకులు రెండు ఎప్పుడో గాలివానకు ఎగిరిపోయి ఆకాశం కనిపిస్తోంది. అది చూసి నేను, పని చేసుకోవడానికి వెలుతురు బాగుందే అనుకున్నాను. ఇంతకంటే పెద్ద మూర్ఖత్వం నా సర్వీసులో నాకు గుర్తులేదు.

ఆ సాయంత్రమే చీఫ్‌కు తంతి కొట్టాను. ఇంజను నడుస్తోంది, గుడ్డ బాగుంది, పైలట్‌ను పంపండి.

నిచ్చెన

నాలుగో రోజు కెప్టెన్ జోషి రైలు దిగాడు. పర్భణీ మనిషి. హైదరాబాదులో చాలాకాలం ఉండి మూడు భాషలు కలిపి మాట్లాడేవాడు. విమానం చుట్టూ ఒకసారి తిరిగాడు, ఇంజను విన్నాడు, నా వీపు తట్టాడు.

"మస్త్ జేసినవ్ రే. కల్ సుబే పోదాం. నువ్వు, నేను. సైన్ జేసినోడు కూసోవాలె గదా."

రూలు నాకు తెలియనిది కాదు. కాని అది నా మీద పడడం అదే మొదటిసారి. జోషికి ఇద్దరు ఆడపిల్లలు, చిన్నదానికి అప్పుడే నడక వచ్చిందట. టీ తాగుతూ ఆ నడక ఎలా ఉంటుందో చేతులతో చేసి చూపించాడు. నేను నవ్వి, గ్లాసు కింద పెట్టాను. ఎండ వడేది మీద గదా అన్న మాట చెవిలో తిరుగుతోంది. గాలిలో ఉన్నప్పుడు రెక్క పైగుడ్డ మీదికి లాగబడుతుంది. విమానం బరువులో ఎక్కువ భాగాన్ని మోసేది ఆ లాగుడే. పైగుడ్డ చిరిగితే ఆ రెక్క మోయడం మానేస్తుంది. నేను చూడనిది సరిగ్గా అదే.

లేచి వాడలోకి నడిచాను. నర్సుబాయి ఇంటి ముందు నూలు చుడుతోంది.

"అక్కా, నిచ్చెనుందా?"

ఆమె నూలు పక్కన పెట్టి లేచింది. నేను చెప్పలేదా అని దెప్పిపొడవలేదు. గోడకు ఆనించిన నిచ్చెన ఒక చివర తాను పట్టుకుంది, రెండో చివర నేను పట్టుకున్నాను. షెడ్డులో ఎడమ రెక్కకు ఆనించాం. నేను ఎక్కి బొటనవేలితో నొక్కాను. వేలు లోపలికి పోయింది. జానెడు పక్కన మళ్లీ నొక్కాను. మళ్లీ పోయింది.

"దిగు. నేను సూస్త," అని ఆమె ఎక్కింది. చిరుగు అంచున రంగు గోటితో గీకి, ఒక పోగు లాగి, నోట్లో పెట్టి తడిపింది. తర్వాత రెండు చేతులతో లాగితే చప్పుడు లేకుండా తెగింది.

"నూలు తడిస్తె ఇంకా గట్టిగైతది తమ్మీ. తడిసినా తెగిందంటె ఇగ దాంట్ల పానం లేదు. సచ్చిన బట్ట ఇది."

నేను పదిహేను నెలలు చదివి నేర్చుకున్న దానికి ఆమెకు అర నిమిషం పట్టింది. కుడి రెక్క మీద కూడా అలాగే పోగు తీసి చూసింది. అక్కడ కప్పు ఉంది, ఎండ తగల్లేదు, పోగు తెగలేదు. ఎడమ రెక్క పైభాగం ఒక్కటే పోయింది.

జోషి కింద టీ గ్లాసు పట్టుకుని అంతా చూశాడు.  తిడతాడనుకున్నాను. గ్లాసు పక్కన పెట్టి, "చీఫ్ సాబ్‌కు తార్ ఎవలు కొడ్తరు, నువ్వా నేనా?" అన్నాడు.

"నేనే."

తంతి ఆఫీసులో మూడు కాగితాలు చింపాను. మొదటిదాంట్లో, కొత్తగా ఒక లోపం బయటపడిందని రాశాను. అది అబద్ధం, లోపం ఆరేళ్లుగా అక్కడే ఉంది. రెండోదాంట్లో నిచ్చెన దొరకలేదని రాశాను. అది నిజమే గాని, చదువుతుంటే నాకే సిగ్గేసింది. మూడోది సగంలో ఆపేశాను. నాలుగోదాంట్లో, ఎడమ రెక్క పైగుడ్డ కుళ్లింది, నా మొదటి తంతి తప్పు, గుడ్డ పంపండి అని రాసి గుమస్తాకు ఇచ్చేశాను. లైసెన్సు పోయినట్టేననుకున్నాను. ఇంటికెళ్లి తరాజు పట్టుకుంటే నాన్న సంతోషిస్తాడని కూడా అనుకున్నాను.

మర్నాడు జవాబు వచ్చింది. "సంతోషం. గుడ్డ, దారం, డోపు రేపటి రైల్లో."

సంతోషం అన్న ఆ మాట నాకు అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది. తర్వాత నేనూ బాసునయ్యాక, కుర్రాడెవడైనా వచ్చి తన తప్పు చెబితే ముందు ఆ మాటే అనడం నేర్చుకున్నాను. తిట్లు ఉంటే తర్వాత తిట్టుకోవచ్చు. ముందే తిడితే వాడు రెండోసారి రాడు.

ఒకే సూదికి ఇద్దరు

గుడ్డ వచ్చింది. దాన్ని రెక్క మీద పరిచి, చట్రంలోని ప్రతి అడ్డచెక్క దగ్గరా పైగుడ్డనీ కిందిగుడ్డనీ కలిపి కుట్టాలి. మూరెడు సూది పైనుంచి దిగుతుంది, కింద ఉన్నవాడు పట్టుకుని చెక్క అవతలి పక్కనుంచి మళ్లీ పైకి పంపుతాడు. పైన ముడి వేస్తారు. మామూలు ముడి కాదు, ఒకటి తెగినా పక్కది జారకూడదు. హైదరాబాదులో అయితే మా దర్జీ వేసేవాడు. అతడు జబ్బుపడి సెలవులో ఉన్నాడు. నాకు ఆ ముడి తెలుసు గాని చెయ్యి తిరగలేదు. పది ముడులు వేస్తే రెండు వదులయ్యేవి.

నర్సుబాయి నా చేతులు కాసేపు చూసింది.

"ఇంకోసారి ఎయ్యి."

వేశాను.

"ఇగ జరుగు."

పైన ఆమె, కింద నేను. ఆరు రోజులు అలా నడిచింది. సూది దిగినప్పుడల్లా పట్టుకుని తిప్పి పంపేవాణ్ణి, ఆలస్యమైతే పైనుంచి కేక పడేది. "నిద్రవోయినవా సావుకారీ?" పొద్దున్నే వచ్చేది, ఎండ ముదిరితే మగ్గం దగ్గరికి పోయి మళ్లీ నాలుగింటికి వచ్చేది. నేను రోజూ ప్రతి ముడినీ లాగి చూసేవాణ్ణి. మొదటి రోజు అది చూసి ఆమె మూతి ముడుచుకుంటుందేమో అనుకున్నాను. "సూడు, సూడు. సూసినంకనే పోవాలె," అంది.

ఒకే ఒక్క రోజు మాకు గట్టిగా మాటలు పడ్డాయి. కుట్టు అయిపోయింది, డోపు పూయాలి. అరటిపండు వాసన కొట్టే ఆ డోపు డబ్బా తెరిచి కుంచె ముంచాను. పడమట మబ్బు పట్టింది. వానలు వచ్చేస్తున్నాయి, ఆ రోజు పూస్తే మూడు రోజుల్లో ఎగరొచ్చు. నర్సుబాయి కుంచె లాక్కుంది.

"మబ్బువట్టిన నాడు గంజి ఎవడన్న పెడ్తడా?"

"ఇది గంజి కాదక్కా."

"మరేంది? బట్ట బిగిసేటందుకే గదా పూసేది? తేమల పెడితె తెల్లగైతది, బిగువు రాదు."

మా పుస్తకంలో ఉన్నది కూడా అచ్చంగా అదే. తేమలో పూస్తే డోపు తెల్లబారి బలం ఉండదు. నాకు తెలుసు, తెలిసే తొందరపడ్డాను. కుంచె ఇవ్వమని అరిచాను. ఆమె ఇవ్వలేదు, కుంచె తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది. రెండు రోజులు మబ్బు విడవలేదు. నేను షెడ్డు ముందు కూర్చుని ఆకాశాన్నీ ఆమెనూ కలిపి తిట్టుకున్నాను. మూడో రోజు పొద్దున ఎండ కాసింది. ఆమె కుంచె తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇగ పెట్టు," అంది.

నాలుగు పూతలు పడ్డాక రెక్క మీద వేలితో కొడితే టంగుమంది. ఆమె చెవి ఆనించి విని, బాగుందన్నట్టు తలూపింది. నేను లాగ్‌బుక్కు తెరిచి చేసిన పనంతా రాసి, ఎగరడానికి తగినది అని రాసి, సంతకం పెట్టాను. 

ఇంటికి

పొద్దున్నే వాడంతా మైదానానికి వచ్చింది. పని జరిగినన్నాళ్లూ పర్భణీ వెళ్లి ఉన్న జోషి తిరిగొచ్చి, ఎక్కి బెల్టు పెట్టుకున్నాడు. నేను పక్కన ఎక్కబోతుంటే అతనికి సరదా పుట్టి నర్సుబాయిని పిలిచాడు.

"అక్కా, కుట్టింది నువ్వు. రూలు ప్రకారం నువ్వు గూడ కూసోవాలె."

"నాకేంది కూసునేది? కుట్టు మీద నాకు అనుమానం లేదు. ఉన్నోళ్లు కూసోండి."

జోషి పడీపడీ నవ్వాడు. నేను ఎక్కి కూర్చున్నాను. చక్రాలు గతుకుల మీద దడదడలాడి, ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగింది. లేచాం. తల మీద చిన్న అద్దం కిటికీలోంచి ఎడమ రెక్క పైభాగం కొంత కనిపిస్తుంది. నేను మెడ తిప్పి దాన్నే చూస్తున్నాను. గుడ్డ ప్రతి రెండు కుట్ల మధ్యా కొద్దిగా పైకి లేచింది. కుట్టు ఉన్నచోట మాత్రం కదల్లేదు. మైదానం చుట్టూ రెండుసార్లు తిరిగి దిగాం, నిచ్చెన వేసి అంతా చూశాం, పెట్రోలు నింపుకుని మళ్లీ లేచాం.

ఆ రోజుల్లో మాకు దారి చూపించేది రైలు పట్టాలే. ముద్ఖేడ్ దగ్గర పట్టాలు రెండుగా చీలాయి. "కిధర్?" అని జోషి అరిచాడు, నేను కుడివైపుకు చెయ్యి చూపించాను. కర్ఖేలి మీదుగా ధర్మాబాద్ వచ్చింది. మా మొండా ఒక ఇసుక రంగు పళ్లెంలా కనిపించింది. నేను ముందే ఉత్తరం రాస్తే నాన్న బయట నిలబడతానన్నాడు. దుకాణం కప్పు కనిపించింది గాని, కింద చుక్కల్లో నాన్న ఏ చుక్కో తెలియలేదు. అయినా చెయ్యి ఊపాను. గోదావరి దాటాం. నిజామాబాద్ తర్వాత వాన ఎదురొచ్చింది. కొత్త గుడ్డ మీద చినుకులు పడుతుంటే శనగలు పోసినట్టు చప్పుడు. జోషి నా వైపు చూశాడు, వెనక్కి తిరుగుదామా అని. నేను అద్దంలోంచి పైకి చూశాను. కుట్లు వరసగా ఉన్నాయి. పద అన్నాను. మొత్తం రెండున్నర గంటలకు హైదరాబాదులో దిగాం.

వెంకటాచలం గారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇంజను గురించి అడగలేదు. నిచ్చెన తెప్పించారు. ఆ మోకాళ్లతో ఒక్కో మెట్టూ ఎక్కి, ఎడమ రెక్క మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా అరచెయ్యి పెట్టి నడిపించారు. దిగి, లాగ్‌బుక్కు అడిగారు.

"ఎవరు కుట్టారు?"

చెప్పాను.

"ఆమె పేరు ఇందులో లేదే?"

"లైసెన్సు లేదు సార్. అందుకని నా పేరు మీదే రాశాను."

ఆయన గొంతు చిన్నదయింది. వినడానికి ముందుకు వంగాల్సి వచ్చింది.

"లైసెన్సు నీకుంది. కుళ్లిన గుడ్డను బాగుందన్నది నువ్వు. కుళ్లిందని చెప్పింది ఆమె. సంతకం నీదే, జవాబుదారీ నీదే, కాదనను. చేసిన చెయ్యి ఎవరిదో కూడా ఉండాలి. రాయి."

పెన్ను తీశాను. నర్సుబాయి అని రాయబోయి ఆగిపోయాను. ఆ నెల రోజుల్లో ఆమె నిచ్చెన ఎక్కాను, ఆమె పంపిన సూది పట్టుకున్నాను, ఆమె ఇంటి జొన్నరొట్టె తిన్నాను. ఇంటిపేరు అడగలేదు. మర్నాడు పొద్దుటి రైలెక్కి నాందేడ్ వెళ్లాను.

అక్కడికి వాన ఇంకా చేరలేదు, ఎండ కాస్తోంది. ఆమె షెడ్డు ముందు పడుగు దువ్వుతోంది. నన్ను చూడగానే చేతిలో కుంచె ఆగిపోయింది. ఆ ముఖంలో అంత భయం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఏమైంది తమ్మీ? కుట్టు ఇడిసిందా? ఆ కెప్టెన్ బతికున్నడా?"

అప్పుడు తెలిసింది, అనుమానం లేదన్న మనిషి మేం లేచినప్పటినుంచి ఎలా ఉందో.

"అంత మంచిగున్నం అక్కా. ఒక్క కుట్టు గూడ కదలలె. నీ ఇంటిపేరు అడుగుదామని అచ్చిన. బుక్కుల రాయాలె."

ఆమె కుంచె గుంజకు ఆనించింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. 

"గింత దూరం గిందుకచ్చినవా," అంది. "గాజెంగి. గాజెంగి నర్సుబాయి. మీద కుట్టింది అని రాస్కో. కింద సూది అందిచ్చినోని పేరు గూడ రాయి మరి, ఒక్కదాన్నే కుట్టిన్నా?"

తిరిగి వచ్చి లాగ్‌బుక్కు తెరిచాను. ఆ పుటలో అప్పటికే నా పేరు సంతకంగా ఉంది. పనిచేసినవాళ్ల వరసలో ఆమె పేరు మొదట రాసి, దాని కింద నా పేరు రాశాను.